పేరు కొడితే రికార్డు రావడం లేదా? గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లకు

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు మన పల్లెల్లో తరచూ వినే మాట ఒకటుంది: "ఆఫీసులో మన రికార్డు లేదన్నారు." కొన్నేళ్లుగా మా చుట్టాలకు, ఇరుగుపొరుగు వాళ్లకు ఇలాంటి భూమి, దస్తావేజు, పుట్టుక కాగితాలు వెతికిపెడుతున్నాను. నేను చూసినంతలో రికార్డు నిజంగా పోయింది చాలా తక్కువ. లిపి మారి ఉంటుంది, లేదా నంబరు మారి ఉంటుంది, లేకపోతే అది వేరే ఆఫీసులో ఉంటుంది. మనం మాత్రం పాత పేరు పట్టుకుని పాత చోటే వెతుకుతుంటాం.

సమస్య: భూలేఖ్‌లో (ఒడిశా ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్) మనవాళ్ల పేరు కనిపించడం లేదు

ముందు అక్షరాలను అనుమానించండి. పట్టా ఒడియాలో ఉంటుంది. ఒడియా రాతలో మన 'వ' మామూలుగా 'బ' అయిపోతుంది కాబట్టి వెంకటరావుగారు 'బెంకట రావ్' అవుతారు. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, అక్కడ చివర రాస్తారు. ఒక్కోసారి అసలు రాయరు.

మా పిన్ని పొలం కోసం రెండు నెలలు తిరిగాం. ఆమె పేరుకు తోడు తాతయ్య పేరు పెట్టి వెతికాం. తీరా చూస్తే పట్టాలో ఆమె పక్కన ఉన్నది బాబాయి పేరు. ఆడవాళ్ల పేరు మీద ఉన్న భూమికి భర్త పేరుతో కూడా వెతకాలని ఆ రోజు మాకెవరూ చెప్పలేదు.

భూలేఖ్‌లో జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకున్నాక ఖతియాన్ (ఖాతా) నంబరు, ప్లాట్ నంబరు, రైతు పేరు అని మూడు దారులు కనిపిస్తాయి. పేరు దారిని ఆఖరికి ఉంచండి. ప్లాట్ నంబరు తెలియకపోతే పక్క పొలం వాళ్ల పట్టా ఒకసారి అడిగి చూడండి. వాళ్ల నంబరుకు ముందువీ వెనకవీ ఒక్కొక్కటే తెరవండి. అరగంట పని, కానీ ఎక్కువసార్లు దొరుకుతుంది. ఒడియా చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. భూలేఖ్‌లో తీసిన ప్రింటు చూసుకోవడానికే పనికొస్తుంది, బ్యాంకుకో కోర్టుకో ఇవ్వాలంటే తహసీల్ ఆఫీసు నుంచి ధృవీకరించిన నకలు తీసుకోవాల్సిందే.

సమస్య: తాతగారి కాగితం మీది సర్వే నంబరుతో చూస్తే వేరేవాళ్ల పేరు వస్తోంది

ఇక్కడే అందరికీ టెన్షన్ మొదలవుతుంది, భూమి ఎవరో రాయించేసుకున్నారని గొడవలూ పుడతాయి. గొడవకు దిగే ముందు కొంచెం ఆగండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ కాలపు సర్వే నంబర్లు వేరు, ఆ తర్వాత ఒరిస్సా సెటిల్‌మెంట్‌లో (భూములు మళ్లీ కొలిచి రికార్డు రాయడం) ఇచ్చిన ఖాతా, ప్లాట్ నంబర్లు వేరు. పాతదాన్ని సాబిక్ అంటారు, ఇప్పటిదాన్ని హాల్. సాబిక్ 45కీ హాల్ 45కీ ఏ సంబంధమూ ఉండక్కర్లేదు.

కాబట్టి ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో గానీ తహసీల్‌లో గానీ "మా సాబిక్ నంబరుకు హాల్ నంబరు ఏది?" అని, అదే మాటతో అడగండి. ఒక పాత నంబరు నాలుగైదు ప్లాట్లుగా విడిపోయి ఉండవచ్చు. అవన్నీ రాసుకుని విస్తీర్ణం కూడండి. పట్టాలో డెసిమల్ అని ఉన్నది మన సెంటే, రెండూ ఎకరంలో నూరో వంతు. 1 ఎకరం 25 డెసిమల్ అంటే ఎకరం పాతిక సెంట్లు. కూడితే పాత కాగితంతో దాదాపు సరిపోయిందా, మీ పొలం దొరికినట్టే. అలా కాకుండా మీ భూమి ప్రభుత్వ ఖాతాలో కనిపిస్తే ఆలస్యం చేయకుండా వకీలును కలవండి, అలాంటి కేసులకు గడువులుంటాయి.

ఇంకో చిక్కు. కాగితం మీద 'గంజాం జిల్లా' అని ఉంది కదా, ఒడిశాలోనే ఉంటుందని అనుకోవద్దు. 1936కు ముందు ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోవే. ఆ తర్వాత అవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. ఇటువైపేమో, గజపతి జిల్లా 1992లో గంజాం నుంచి విడిపోయింది. ముందు ఊరి పేరు చూడండి, జిల్లా పేరు తర్వాత.

సమస్య: అమ్మకం దస్తావేజు పోయింది, నంబరు కూడా గుర్తులేదు

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్స్ (ఒకటోది), ఆస్తుల ఇండెక్స్ (రెండోది) ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్నీ ఆ ఇండెక్సులనూ ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. సుమారు ఏ ఏడాదో చెబితే చాలు. "పెద్దమ్మాయి పెళ్లికి ముందు సంవత్సరం" అన్న లెక్క కూడా పనికొస్తుంది.

సమస్య: పిల్లల పుట్టిన రికార్డు మన ఊరి వైపు లేదు

కాన్పుకు ఎక్కడికి వెళ్లారని అమ్మను అడగండి. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. కోడలిది పాతపట్నమో సోంపేటో అయితే ఆ జననం ఆంధ్రలోనే నమోదవుతుంది, ఎందుకంటే ఎక్కడ పుడితే అక్కడే రాస్తారు. నమోదు నాటికి పేరు పెట్టి ఉండరు కాబట్టి పుట్టిన తేదీతో, తల్లి పేరుతో వెతికించండి. నిజంగానే నమోదు కాకపోతే, ఏడాది దాటిన జననానికి 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ గానీ సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఆర్డర్ ఇవ్వాలి.

సమస్య: "లేదు" అని నోటిమాటతో పంపేస్తున్నారు

ఒక ముసలాయన ఎండలో బస్సెక్కి వచ్చి, ఒక్క మాటతో వెనక్కి వెళ్లడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అప్పుడు చేయాల్సింది సమాచార హక్కు దరఖాస్తు. ఒడిశాలో ఫారం-ఎ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. తెలుగులో కాకుండా ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించండి. రాయడం రానివాళ్లకు రాసిపెట్టడం సమాచార అధికారి బాధ్యత అని చట్టంలోనే ఉంది. "మా భూమి వివరాలు ఇవ్వండి" అని రాయవద్దు. గ్రామం, సాబిక్ నంబరు, సుమారు సంవత్సరం రాసి ఆ రిజిస్టరు పేజీ నకలు కావాలనండి, రిజిస్టరును స్వయంగా చూస్తామని కూడా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు అడిగి తీసుకోండి, జవాబు రావాల్సిన ఆ మొదటి 30 రోజులు లెక్కపెట్టేది దాని మీది తేదీ నుంచే.