లిఫ్ట్ చేసిన పికప్‌లో స్టీరింగ్ ఊగుతోందా? స్టీరింగ్ కుదుపును మింగే డ్యాంపర్ కొనే ముందు ఇవి చూడండి

గంటకు 70-90 కిలోమీటర్ల వేగంలో వెళ్తుండగా ముందు టైరు ఓ గుంతలోనో, వంతెన అతుకు మీదో పడుతుంది. మరుక్షణం ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలవుతుంది. స్టీరింగ్ చేతిలో నిలవదు. బండి దాదాపు ఆగేదాకా ఆ ఊగుడు పోదు. దీన్నే డెత్ వాబుల్ అంటారు. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులు ఉండి, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసి పెద్ద టైర్లు తొడిగిన పికప్‌లలో ఎక్కువగా వస్తుంది.

అది మొదలైనప్పుడు స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి. బొటనవేళ్లు చక్రం లోపలికి పోనివ్వకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా బ్రేకు వేస్తూ పక్కకు ఆపండి. కారణం దొరికేదాకా ఆ బండిని హైవే ఎక్కించవద్దు. ఒక్కసారి గట్టిగా ఊగితే బాగున్న జాయింట్లు కూడా దెబ్బతింటాయి.

ముందు ఏ వణుకో తేల్చుకోండి

ఒకానొక వేగంలో సన్నగా వణికి, వేగం మారగానే పోతుంటే అది టైరు బ్యాలెన్సింగో, వంగిన రిమ్మో. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కుల మందం సమంగా లేదు. గుంతలో స్టీరింగ్ ఒక్కసారి లాగి వదిలేస్తే అది బంప్ స్టీర్. అంటే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ), ట్రాక్ బార్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు అడ్డంగా కట్టే కడ్డీ) ఒకే వాలులో లేవు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తిన్నగా రాకపోతే క్యాస్టర్ (చక్రాన్ని తిన్నగా నిలిపే వెనక్కి వాలు) తగ్గింది. గుంత తగిలాక మొదలై ఆగకుండా ఊగితే మాత్రం ఎక్కడో ఏదో లూజుగా ఉందని దాదాపు ఖాయం.

మొదటి అనుమానం ట్రాక్ బార్ మీదే

యాక్సిల్ పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు కట్టి ఉంచేది ఈ ఒక్క కడ్డీయే. దాని చివర ఒక మిల్లీమీటరు ఆట (లూజు కదలిక) ఉన్నా ఊగుడు మొదలవడానికి చాలు.

బండి నేల మీదే ఉండాలి, జాక్ వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ఒకరు స్టీరింగ్‌ను గడియారంలో 10 నుంచి 2 దాకా గబగబా అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు టైర్లకు దూరంగా ఉండి కిందికి చూడాలి. ట్రాక్ బార్ చివర వేలును సగం బ్రాకెట్ మీద, సగం బార్ మీద ఆనించండి. కంటికి అందని కదలిక కూడా వేలికి తెలుస్తుంది.

బోల్టు తల చుట్టూ రంగు చెరిగి మెరుస్తున్న వలయం గానీ, బ్రాకెట్ మీద తుప్పు పొడి చార గానీ ఉంటే ఆ బోల్టు లోపల ఆడుతోందన్నమాట. విప్పి చూడండి. రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటే బోల్టు ఎంత బిగించినా లాభం లేదు. కొత్త బ్రాకెట్ వేయాలి, లేదా సరైన సైజు రంధ్రమున్న మందపాటి వాషర్‌ను బ్రాకెట్‌కు వెల్డ్ చేయించాలి. రంధ్రం కన్నా సన్నని బోల్టు వేసినా, నున్నని భాగం బదులు మరలు రంధ్రంలో కూర్చున్నా మళ్లీ ఇదే జరుగుతుంది.

ఇంకో తప్పు చాలా చోట్ల చూస్తాం. బండిని జాక్ మీద పెట్టి, చక్రాలు వేలాడుతుండగానే బుష్ (కడ్డీ చివర ఉండే రబ్బరు గొట్టం) బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే లోపలి రబ్బరు మెలిపడుతుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది. ట్రాక్ బార్, కంట్రోల్ ఆర్మ్ (యాక్సిల్‌ను ముందుకూ వెనక్కీ జరగనివ్వని కడ్డీ) బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, టార్క్ రెంచ్‌తో, బండి మాన్యువల్ లేదా కిట్ కాగితంలో ఉన్న కొలతకు చేయాలి.

లిఫ్ట్ వల్ల యాక్సిల్ ఓ పక్కకు జరిగి ఉంటే పొడవు సర్దుకునే ట్రాక్ బార్ వేసి మధ్యకు తీసుకురండి. డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ను కదిపే చేయి, కిందికి దిగిన రకం) వేస్తే ట్రాక్ బార్ బ్రాకెట్‌నూ కిందికి దించాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ సమాంతరంగా ఉండవు, బంప్ స్టీర్ వస్తుంది.

మిగతా జాయింట్లు

స్టీరింగ్ అలా తిప్పుతున్నప్పుడే టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్లు, డ్రాగ్ లింక్ చివరలు, స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కు బిగించిన బోల్టులు కూడా చూడండి. బాక్సు చుట్టూ ఛాసిస్‌కు పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. ఆట బాక్సు లోపలే ఉందనిపిస్తే పైనున్న అడ్జస్ట్‌మెంట్ స్క్రూను ఇష్టమొచ్చినట్టు బిగించకండి. ఎక్కువైతే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, గేర్లు పాడవుతాయి.

తర్వాత యాక్సిల్‌ను జాక్‌తో లేపి స్టాండ్ మీద నిలపండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే బాల్ జాయింట్ (చక్రం పక్కలకు తిరిగే గుండ్రటి కీలు) లేదా హబ్ బేరింగ్. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి: ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. టైరు కింద పొడుగాటి గడ్డపార పెట్టి ఎత్తితే, భుజబలంతో తెలియని బాల్ జాయింట్ ఆట కూడా బయటపడుతుంది.

క్యాస్టర్, టో

సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం వల్లే చక్రం తిన్నగా నిలబడుతుంది. యాక్సిల్‌కూ అలాంటి వాలే కావాలి, అదే క్యాస్టర్. లిఫ్ట్ చేసినప్పుడు కంట్రోల్ ఆర్మ్‌లు కిందికి దిగి యాక్సిల్‌ను ముందుకు తిప్పేస్తాయి, ఆ వాలు పోతుంది. పొడవు సర్దుకునే కంట్రోల్ ఆర్మ్‌లు గానీ, ఆర్మ్ బిగించే చోటును కిందికి దించే డ్రాప్ బ్రాకెట్లు గానీ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. కమాన్ పట్టీల బండికైతే పట్టీకీ యాక్సిల్‌కూ మధ్య వాలు షిమ్‌లు (ఓ పక్క సన్నగా ఉండే లోహపు ముక్కలు) వేస్తారు. లిఫ్ట్ చేసిన చాలా బండ్లకు 4 నుంచి 6 డిగ్రీలు సరిపోతుంది. మరీ పెంచితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడి కొత్త వణుకు మొదలవుతుంది.

టోను (ముందు చక్రాలు కాస్త లోపలికి తిరిగి ఉండటం) టేపుతో చూసుకోవచ్చు. రెండు ముందు టైర్ల మధ్య దూరం, ఒకే ఎత్తులో, ముందువైపు కొలత వెనకవైపు కొలత కన్నా 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి.

టైర్లు

35 అంగుళాల టైరుకు బరువు ఎక్కువ, కాబట్టి కాస్త బ్యాలెన్స్ తప్పినా ఊగుడును గట్టిగా రేపుతుంది. రిమ్ములో ఎండిన బురద కూడా అంత పనీ చేస్తుంది. ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి నడపండి. వణుకు తీరు మారితే కారణం టైర్లలోనే ఉంది.

డ్యాంపర్ సంగతి

కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేయగానే ఊగుడు కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది. లూజు జాయింట్ మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. ఈసారి ఊగితే ఇంకా గట్టిగా ఊగుతుంది. డ్యాంపర్‌ను విప్పేసినా బండి నిలకడగా నడవాలి. మరమ్మతు అయ్యాక దాన్ని విప్పి, వాహనాలు లేని రోడ్డు మీద తక్కువ వేగంతో మొదలుపెట్టి చూసుకుని, తర్వాత తిరిగి వేయండి. మొదటి 150 కిలోమీటర్లలోపు ట్రాక్ బార్ బోల్టులకు మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి. కొత్త బుష్‌లు సర్దుకున్నాక బిగింపు తరచూ సడలుతుంది.