మౌత్‌వాష్‌తో పళ్ళ పాచి పోతుందా? ఏది కొనాలి, ఎలా వాడాలి

మెడికల్ షాపులో మౌత్‌వాష్ అడిగితే చేతికేదొస్తే అది తెచ్చేసుకుంటాం, అలా కాకుండా ఒకసారి సీసా వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాలు చదవండి. క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ అని ఉంటే పాచి మీద బాగా పనిచేసే సరుకు అదే, మన దగ్గర ఎక్కువగా 0.2 శాతం దొరుకుతుంది, అమెరికాలో ఉన్నవాళ్ళకి 0.12 శాతం, అది కూడా డాక్టర్ చీటీ ఉంటేనే. ఉమ్మేశాక కూడా పళ్ళకీ చిగుళ్ళకీ అంటుకుని గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, అందుకే రోజుకి రెండుసార్లు చాలు.

1970లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Harald Löe) అనే దంత పరిశోధకుడి టీమ్ చూపించింది కూడా ఇదే, బ్రష్ మానేసి రోజుకి రెండుసార్లు దీంతో పుక్కిలించిన వాళ్ళకి పాచి పట్టలేదు. అయితే వాళ్ళు మొదలుపెట్టింది శుభ్రమైన పళ్ళతో అండి, అసలు కిటుకు అక్కడుంది. కొత్తగా పట్టేదాన్ని ఆపుతుంది గానీ ఆల్రెడీ మందంగా పేరుకున్న పాచి లోపలికి వెళ్ళలేదు, అది గట్టిపడి గార కట్టిందంటే ఇక ఎన్ని సీసాలు పోసినా దండగే. ముందు డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించుకుని తర్వాత వాడితేనే డబ్బులకి ఫలితం.

వాడే పద్ధతికొస్తే, బ్రష్ చేసిన వెంటనే వద్దు. పేస్టులో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ దీన్ని పనిచేయనివ్వదు, నోరు బాగా కడుక్కుని కనీసం అరగంట ఆగండి. తర్వాత 10 ఎం.ఎల్. కొలిచి (నీళ్ళు కలపాలా వద్దా అన్నది మీ డాక్టర్ చెప్పినట్టు) అర నిమిషం నుంచి నిమిషం దాకా నోరంతా తిప్పి ఉమ్మేయండి, మింగొద్దు. చేదుగా ఉందని నీళ్ళతో కడిగేసుకుంటే మందు కూడా పోయినట్టే. ఓ అరగంట ఏమీ తినొద్దు, టీ కాఫీ అయితే ఇంకా లేటుగా తాగితే మంచిది, ఎందుకంటే గోధుమరంగు మరకలు పడేది వాటివల్లే ఎక్కువ. ఉప్పు రుచి కూడా కొన్నాళ్ళు సరిగ్గా తెలీదు, కూరలో ఉప్పు లేదని ఇంట్లో గొడవ పెట్టుకోకండి ముందే చెప్తున్నా. మరకలు క్లీనింగ్‌లో పోతాయి, రుచి మానేస్తే మామూలైపోతుంది. అందుకే డాక్టర్లు రెండు వారాలు, మహా అయితే నాలుగు అంటారు, నెలల తరబడి సొంతంగా వాడొద్దు.

రోజూ వాడుకోవాలంటే థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్ ఉండే లిస్టరిన్ లాంటివి నయం, మరకల బాధ తక్కువ, కాకపోతే ఆల్కహాల్ ఉన్నవి మంటెక్కుతాయి. సీపీసీ (సెటిల్‌పిరిడినియం క్లోరైడ్ అనే క్రిమిసంహారిణి) అని ఉండేవి ఇంకాస్త మైల్డ్. అయోడిన్ ఉండే బీటాడిన్ గార్గిల్ గొంతుకి వాడుకోండి, పాచికి దానితో పెద్దగా పని లేదు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు అయితే అడగకుండా అసలు వాడొద్దు.

ఏది వాడినా బ్రష్ మాత్రం మానొద్దు, పళ్ళ సందుల్లోకి ఫ్లాసో చిన్న బ్రషో వెళ్ళాల్సిందే. చేయి సరిగ్గా ఆడని పెద్దవాళ్ళకీ, చిగుళ్ళ సర్జరీ అయి బ్రష్ పెట్టలేని వాళ్ళకీ క్లోర్‌హెక్సిడిన్ నిజంగా ఆదుకుంటుంది. పన్ను పీకించుకున్న రోజు మాత్రం పుక్కిలించొద్దు, గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. ఆరేళ్ళలోపు పిల్లలకి ఏ మౌత్‌వాష్ అయినా ఇవ్వొద్దు, మింగేస్తారు. క్లోర్‌హెక్సిడిన్ వాడగానే దద్దుర్లో, పెదాల వాపో, ఊపిరి ఆడకపోవడమో అయితే వెంటనే ఆపేసి హాస్పిటల్‌కి వెళ్ళండి, అరుదే గానీ దీనికి అలర్జీ వస్తే సీరియస్ అవుతుంది.