మీ ఊరి ఐటీఐ గోడు అసెంబ్లీలో వినిపించాలంటే

ఎమ్మెల్యేకి శాలువా కప్పి వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగితే పని అయిపోదు, ఆ కాగితం చాలాసార్లు పీఏ టేబుల్ కూడా దాటదు. సభలో ఆయన వాడుకోగలిగేది చేతిలో పెట్టాలి.

ముందు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. మంజూరైన ఇన్‌స్ట్రక్టర్ పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఫిట్టర్, వెల్డర్ ట్రేడుల్లో పనిచేసే మెషీన్లెన్ని అని విడివిడిగా అడగండి. "మా కాలేజీని ఆదుకోండి" అంటే ఏ మంత్రికీ టెన్షన్ ఉండదు, "ఇన్ని పోస్టులు ఎప్పుడు భర్తీ చేస్తారు" అంటే తేదీ చెప్పక తప్పదు, లేదా అందరి ముందూ తప్పించుకోవాలి. తెలంగాణలో అయితే ఇంకోటి కూడా అడగండి: 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు కదా, అందులో మీది ఉందా?

ఆ లెక్కలతో ఎమ్మెల్యేని నక్షత్ర గుర్తు ప్రశ్న వేయమనండి. ఆ రకం ప్రశ్నకి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకి వచ్చేది రాతపూర్వక జవాబే. దేనికైనా ముందుగా నోటీసు ఇవ్వాలి, సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తి లాభం లేదు.

నిధుల సంగతి మాత్రం బడ్జెట్ సమావేశాల్లో, శాఖల పద్దుల (ఒక్కో శాఖకి అడిగే ఖర్చు కేటాయింపుల) మీద చర్చలో లేవనెత్తించాలి. మీ ఎమ్మెల్యే పలక్కపోతే మీ ప్రాంత టీచర్ లేదా పట్టభద్రుల ఎమ్మెల్సీని పట్టుకోండి, పద్దుల మీద ఓటు లేకపోయినా మండలిలో ప్రశ్న వేయగలరు.