సస్పెన్షన్ పార్టులకు పెయింట్ కొట్టేముందు మంచినీళ్లతో కడగండి

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు దగ్గర్లో పాత కారు బాగుచేసుకుంటున్నవాళ్లకు ఒక మాట. లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే ఇనుప చేతులు) విప్పి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకేసి, వెంటనే స్ప్రే అందుకోకండి. మన సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆ తుప్పు గుంటల్లో దాక్కుని ఉంటుంది. కంటికి కనపడదు. పైన పెయింట్ పడినా ఆ ఉప్పు లోపల తేమ లాక్కుంటూనే ఉంటుంది, చివరికి పొక్కులు లేస్తాయి. నా మారుతి 800కి అలాగే అయింది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాను.

అందుకే గీకాక మంచినీళ్లు ధారగా పోసి కడగండి. హెయిర్ డ్రయ్యర్‌తో పూర్తిగా ఆరబెట్టి, ఇంకోసారి బ్రష్ కొట్టి, థిన్నర్ గుడ్డతో తుడవండి. ప్రైమర్ అదే రోజు పడిపోవాలి. రాత్రి వదిలేస్తే పొద్దునకే నారింజ రంగు తుప్పు పొర వచ్చేస్తుంది. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు పల్చటి కోట్లు, ఆరాక బ్లాక్ ఛాసిస్ పెయింట్. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు ఈ పని వద్దు.

రబ్బరు బుష్‌లకు, బోల్టు మరలకు, బాల్ జాయింట్ (చక్రం వైపు అటూ ఇటూ తిరిగే గుండ్రటి కీలు) పిన్ కూర్చునే రంధ్రానికి మాస్కింగ్ టేప్ తప్పనిసరి. బోల్టు బిగిసే చోట పెయింట్ మందంగా ఉంటే, తర్వాత అది నలిగి బోల్టు వదులవుతుంది. సస్పెన్షన్‌లో అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. టేప్ వేయడానికి అరగంట పట్టినా పట్టనివ్వండి.