గత నిల్వ లేని ఖాతా: అండర్-17 ఫుట్‌బాల్ జట్టు రికార్డు రాసుకునే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున చిట్టా (రోజువారీ పద్దులు), సాయంత్రం ఆవర్జా (ఖాతాల పుస్తకం). కొట్లో అందరిదీ క్రికెట్ పిచ్చి, నాది ఫుట్‌బాల్. అదీ మెస్సీల, రొనాల్డోల ఫుట్‌బాల్ కాదు. మన దేశం అండర్-17 కుర్రాళ్లు ఎప్పుడు ఎవరితో ఆడారు, ఎంతకు గెలిచారు, ఎంతకు ఓడారు అన్న లెక్క. దానికోసం ఎర్ర అట్ట పొడుగు పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. బ్రాడీపేటలో మా పక్కింటి కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మొన్న ఆ పుస్తకం చూసి, "బాబాయ్, నేనూ రాసుకుంటా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాడు ఎక్సెల్‌లో రాసుకుంటాడట. రాసుకోనీ, పద్ధతి ఒకటే.

పెన్ను పట్టే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోవాలి. మా లెక్కల్లో ప్రతి పేజీ నెత్తిన "గత నిల్వ" ఉంటుంది. నిన్నటి మిగులు ఇవాళ్టి పేజీలోకి వస్తుంది. సీనియర్ జట్టుకు అలా రాస్తే చెల్లుతుంది. అక్కడ ఒకే ఆటగాడు పదిహేనేళ్లు ఆడతాడు, జట్టు మెల్లగా మారుతుంది. అండర్-17కి అది చెల్లదు. జెర్సీ అదే, జెండా అదే, కానీ రెండేళ్లు తిరిగేసరికి పాత కుర్రాడు ఒక్కడూ ఉండడు. 2018లో ఆడినవాళ్ల గెలుపును 2023లో ఆడినవాళ్ల నెత్తిన నిల్వగా వేస్తే, తండ్రి అప్పు కొడుకు ఖాతాలో రాసినట్టే. మొత్తం ఆటలు, మొత్తం గెలుపులు అని చివర్లో కూడుకుంటే కూడుకోండి, నేనూ కూడతాను. కానీ ఖాతా మాత్రం బ్యాచ్‌కు ఒకటి తెరవాలి, ఆ బ్యాచ్ ఆఖరి మ్యాచ్ అయ్యాక గీత కొట్టి మూసెయ్యాలి.

బ్యాచ్ అంటే పుట్టిన సంవత్సరం. టోర్నీ జరిగే ఏడాదిలోంచి వయసు తీసేయండి. 2017 వరల్డ్ కప్‌కు 17 తీస్తే 2000. అంటే 2000 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లే అర్హులు. 2023 ఆసియా కప్‌కు 2006. పేజీ పైన ఈ సంవత్సరమే పెద్దక్షరాల్లో రాస్తాను, టోర్నీ పేరు దాని కింద. పేర్లను నమ్ముకుంటే మోసపోతాం. ఆసియా టోర్నీ 2018లో అండర్-16, 2023లో అండర్-17. దక్షిణాసియా వాళ్ల శాఫ్ టోర్నీ అయితే మరీ ఘోరం. 2017, 2019లలో అండర్-15, 2022లో అండర్-17, 2023లో అండర్-16, 2024లో మళ్లీ అండర్-17. పేరును పట్టుకుని పేజీలు తెరిస్తే ఒకే కుర్రాడు మూడు పేజీల్లో తేలతాడు. పుట్టిన ఏడాది ఒక్కటే మారదు.

అదీ కాగితం మీద మారదు అనుకోండి. మా తరం వాళ్లలో సగం మంది పుట్టినరోజులు జూన్‌లోనే ఉంటాయి, బళ్లో వేసిన రోజున మేష్టారికి తోచిన తేదీ. ఈ గొడవ ఒక్క మన దగ్గరే కాదు. అందుకే 2009 అండర్-17 వరల్డ్ కప్ నుంచి ఫిఫా కుర్రాళ్ల మణికట్టుకు ఎమ్ఆర్ఐ తీయిస్తోంది. ఎదుగుదల ముగిసి అక్కడి ఎముక అతికిందా లేదా చూస్తే వయసు దాటినవాడు దొరికిపోతాడు.

ఇక పేజీ లోపల. యార్డులో తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు), 334 రకం టిక్కీలు ఒకే లాటులో కలిపి చూడండి, కొనేవాడు చెయ్యి పెట్టి చూసి లేచిపోతాడు. మ్యాచ్‌లూ అంతే. వరల్డ్ కప్ ఒక లాటు. ఆసియా అసలు టోర్నీ ఒకటి, దానికి ముందు జరిగే క్వాలిఫైయర్స్ వేరొకటి. శాఫ్ ఇంకొకటి. ఇన్విటేషన్ టోర్నీలు, ఫ్రెండ్లీలు పేజీ అడుగున పెన్సిల్‌తో రాస్తాను, మొత్తంలో కలపను.

ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్న పాఠం. 2018 ఆగస్టులో ఒక పొద్దున యార్డు గేటు దగ్గర టీ కొట్టులో, మన పిల్లలు అర్జెంటీనాను కొట్టారని ఎవరో అన్నారు. నాకు ఒళ్లు పులకరించింది. టీ సగంలో వదిలేసి కొట్లోకి వెళ్లి చిన్నవాళ్ల పేజీలో "అర్జెంటీనా మీద గెలుపు" అని ఎర్ర సిరాతో రాసేశాను. పైగా నాలుగు రోజులు యార్డంతా చెప్పుకు తిరిగాను. తీరా చూస్తే అది అండర్-20 జట్టు. స్పెయిన్‌లో కోటిఫ్ అనే ఇన్విటేషన్ టోర్నీలో 2-1తో గెలిచింది. 4వ నిమిషంలో దీపక్ టాంగ్రి, 68వ నిమిషంలో అన్వర్ అలీ గోల్స్ కొట్టారు. అదే సమయంలో, కొద్ది గంటల తేడాతో, మన అండర్-16 కుర్రాళ్లు జోర్డాన్‌లో ఇరాక్‌ను 1-0తో ఓడించారు. రెండు వార్తలూ కలిసి వచ్చాయి, నా బుర్రలో రెండూ ఒకటైపోయాయి. ఆ ఎర్ర సిరా గీత ఇప్పటికీ పుస్తకంలో ఉంది. కొట్టేశాను గానీ చింపలేదు. లెక్కల పుస్తకంలో కాగితం చింపకూడదు. అప్పట్నుంచీ నా రూలు ఒకటే: విన్న రోజు పెన్సిలు, రెండు చోట్ల సరిపోయాక పెన్ను.

మ్యాచ్‌కు ఒక పద్దు. తేదీ, ఊరు, ఎదుటి జట్టు, స్కోరు, గోల్ కొట్టినవాడు, నిమిషం. ఇవి కాక నేను ఒక చిన్న గడి పెడతాను: టోర్నీలోకి ఎలా వచ్చాం? 'క్వా' అని రాస్తే క్వాలిఫై అయ్యాం, 'ఆ' అని రాస్తే ఆతిథ్యం. 2017లో మనకు వచ్చింది 'ఆ'. మన దేశంలో జరిగింది కాబట్టి నేరుగా ప్రవేశం దక్కింది. ఈ గడి లేకపోతే పదేళ్ల తర్వాత పుస్తకం తిరగేసినవాడు మనం ఆసియాను గెలిచి వచ్చామనుకుంటాడు.

పేర్ల దగ్గర కాస్త ఓపిక పట్టాలి. 2017 జట్టులో 21 మంది, అందులో 8 మంది మణిపూర్ వాళ్లు. తెలుగువాడు ఒక్కడూ లేడు, అది వేరే దిగులు. మొదట్లో నేను "సింగ్ గోల్" అని రాసేవాణ్ణి. కెప్టెన్ అమర్‌జీత్ సింగ్, గోల్ కీపర్ ధీరజ్ సింగ్, ఇంకా జీక్సన్ సింగ్, సురేశ్ సింగ్. ఏ సింగు? మా కొట్టుకు సరుకు తెచ్చే రైతుల్లో వెంకటేశ్వర్లు అనేవాళ్లే పదిమంది ఉంటారు. ఊరి పేరు చేర్చకుండా రాస్తే ఒకడి డబ్బు ఇంకొకడికి పోతుంది. మణిపురి పేర్లకు చివర వచ్చే ఇంటిపేరు మనకు ఊరి పేరులాంటిది. కియాం, మొయిరాంగ్‌థెమ్, థౌనావొజాం, వాంగ్జామ్. పుస్తకం మొదటి పేజీలో ఒకసారి పూర్తిగా రాసుకోండి, తర్వాత పొట్టిగా వాడుకోవచ్చు.

ఒక పేజీ చూపిస్తాను. 2000 బ్యాచ్, 2017 వరల్డ్ కప్, ఢిల్లీ నెహ్రూ స్టేడియం. అక్టోబర్ 6, అమెరికా చేతిలో 0-3. అక్టోబర్ 9, కొలంబియా. ఆ రాత్రి పుస్తకం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. 49వ నిమిషంలో వాళ్ల పెన్యలోజా కొట్టాడు. 82వ నిమిషంలో మనకు కార్నర్ వచ్చింది. సంజీవ్ స్టాలిన్ వేశాడు, జీక్సన్ లేచి తలతో కొట్టాడు. ఏ వయసు జట్టుకైనా ఫిఫా వరల్డ్ కప్‌లో భారత్ కొట్టిన మొదటి గోల్ అది. చెయ్యి వణుకుతుంటే "82" అని రాసి, పేరుకు 'జీ' అని పెట్టానో లేదో, ఇంట్లోవాళ్లు "అయ్యో" అన్నారు. తలెత్తి చూస్తే కొలంబియా వాళ్లు ఎగురుతున్నారు. 83, మళ్లీ పెన్యలోజా. 1-2. ఆ 'జీ' మీది గుడిదీర్ఘం పక్క గడిలోకి జారిపోయి ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. అక్టోబర్ 12, ఘనా చేతిలో 0-4. గీత. ఖాతా మూసేశాను: ఆడినవి 3, ఓడినవి 3, కొట్టినవి 1, ఇచ్చినవి 9.

మూసే ముందు అంకణా తీయాలి, అంటే రెండు వైపుల మొత్తాలూ సరిచూడాలి. ఇది గుమస్తా బుద్ధి, కానీ తప్పు ఇక్కడే బయటపడుతుంది. గ్రూపులో నాలుగు జట్ల లెక్కా పక్కపక్కన వెయ్యండి. ఒకడు కొట్టిన గోల్ ఇంకొకడు ఇచ్చిందే కదా, అందుకని రెండు మొత్తాలూ సమానం కావాలి. ఆ గ్రూపులో ఘనా కొట్టినవి 5, ఇచ్చినవి 1. కొలంబియా 5, 3. అమెరికా కూడా 5, 3. మనం 1, 9. ఇటు 16, అటు 16. టాలీ అయింది. కాకపోతే ఎక్కడో ఒక స్కోరు తిరగేసి రాశారన్నమాట. మన మ్యాచ్‌లు మాత్రమే రాసుకుంటే ఈ తప్పు జన్మలో దొరకదు. ఆ మూడు జట్లకూ ఆరేసి పాయింట్లు వచ్చిన విషయం కూడా కనబడదు.

పెనాల్టీలతో తేలిన మ్యాచ్‌ను గెలుపు గడిలో వెయ్యకండి. 2025 శాఫ్ అండర్-17 ఫైనల్ కొలంబోలో బంగ్లాదేశ్‌తో 2-2 అయింది, షూటౌట్‌లో 4-1తో కప్పు మనకు వచ్చింది. పద్దులో అది డ్రా, కప్పు మాత్రం పక్కన రిమార్కు. అండర్-17 వరల్డ్ కప్‌లో ఇది ఇంకా ఎక్కువ అవసరం. 2017లో నాకౌట్ మ్యాచ్ సమంగా ముగిస్తే ఎక్స్‌ట్రా టైమ్ లేదు, నేరుగా పెనాల్టీలే. కోల్‌కతాలో ఇంగ్లండ్, జపాన్ 0-0తో ఆగితే పెనాల్టీల్లో 5-3తో ఇంగ్లండ్ బయటపడింది. ఆ ఇంగ్లండే చివరికి స్పెయిన్‌ను 5-2తో ఓడించి కప్పు పట్టుకెళ్లింది. ఒక్క గోల్ కొట్టలేకపోయిన మ్యాచ్ వాళ్ల దారిలో ఉందని నా పుస్తకం చెబుతుంది, కప్పు చెప్పదు.

బ్యాచ్‌ను బ్యాచ్‌తో పోల్చాలనిపిస్తుంది, అదే అసలు సరదా. నా పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీ 2002 బ్యాచ్‌ది. 2018 ఆసియా టోర్నీ, మలేషియా. వియత్నాంపై 1-0, ఇరాన్‌తో 0-0, ఇండోనేషియాతో 0-0, క్వార్టర్ ఫైనల్లో దక్షిణ కొరియా చేతిలో 0-1. నాలుగు మ్యాచ్‌ల్లో కొట్టింది ఒకటే, ఇచ్చింది ఒకటే. కొరియాను దాటి ఉంటే 2019 వరల్డ్ కప్‌లో చోటు. ఇప్పుడు 2006 బ్యాచ్ చూడండి. రెండు బ్యాచ్‌లకూ కోచ్ ఒకడే, బిబియానో ఫెర్నాండెజ్. 2023 ఆసియా కప్, థాయ్‌లాండ్. వియత్నాంతో 1-1, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1, జపాన్ చేతిలో 4-8. కొట్టిన గోల్స్ ఐదు! జపాన్ మీద నాలుగు కొట్టడం చిన్న సంగతి కాదని మా పక్కింటి కుర్రాడు వాదిస్తాడు. ఎనిమిది ఇచ్చావు కదరా అంటాను నేను. ఈ తగువు తేలేది కాదు. కానీ రెండు పేజీలూ వేర్వేరుగా ఉన్నాయి కాబట్టే ఈ తగువైనా వచ్చింది. ఏడు మ్యాచ్‌లు కలిపి "6 కొట్టాం, 11 ఇచ్చాం" అని రాసి ఉంటే మాట్లాడుకోవడానికి ఏముంది?

ఆ రెండింటి మధ్య ఒక ఖాళీ పేజీ ఉంది. 2004 బ్యాచ్. తాష్కెంట్‌లో క్వాలిఫైయర్స్‌లో గ్రూపు పైన నిలిచి 2020 ఆసియా టోర్నీకి వెళ్లాల్సినవాళ్లు. కోవిడ్ వచ్చి టోర్నీయే రద్దయింది. ఆ పేజీని వేరే దానికి వాడకండి, పైన కారణం రాసి వదిలేయండి.

ఓడిన పేజీలు దాటవేసే అలవాటు కూడా వద్దు. అమ్మాయిల అండర్-17కి నా దగ్గర విడిగా ఇంకో పుస్తకం ఉంది. 2022లో వరల్డ్ కప్ మన దగ్గరే, మన మ్యాచ్‌లు భువనేశ్వర్‌లో. అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. రాస్తుంటే పెన్ను కదలలేదు. రాశాను.

అండర్-20కి పుస్తకం చివర పది పేజీలు వదిలాను. అందులో మొదటి పద్దు నేను పుట్టకముందుది. 1974, బ్యాంకాక్, ఆసియా యూత్ టోర్నీ, ఇరాన్‌తో ఫైనల్ 2-2, కప్పు ఇద్దరికీ. కెప్టెన్ షబ్బీర్ అలీ, మన హైదరాబాదు ఆటగాడు. పక్కింటి కుర్రాడికి ఈ సంగతి తెలియదు. వాణ్ణి అనడం ఎందుకు, యార్డులో ఎవరికీ తెలియదు.

చివరి గడి "తర్వాత ఏమయ్యారు". ఇది ఏడాదికి ఒకసారి, యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు కూర్చుని నింపుతాను. 2000 బ్యాచ్‌లో జీక్సన్, సురేశ్ సీనియర్ జట్టుకు ఎక్కారు. అన్వర్ అలీ కథ రాయడానికి గడి సరిపోలేదు. 2017 జట్టులో ఉన్నాడు, అర్జెంటీనా మీద కొట్టిందీ అతనే. 2019లో గుండె సమస్య బయటపడి ఆట ఆగింది, మళ్లీ నిలబడి 2022లో సీనియర్ జట్టుకు ఆడాడు. అతని కోసం పక్కన ఒక చీటీ అంటించాను.

ఇప్పుడు తెరిచి ఉన్న ఖాతా 2009 బ్యాచ్‌ది. 2025 నవంబర్ 30, అహ్మదాబాద్, ఇరాన్‌పై 2-1, 2026 ఆసియా కప్‌కు గడిలో 'క్వా'. కింద మిగతా గీతలు స్కేలుతో కొట్టి పెట్టాను. పెన్సిల్ చెక్కి ఉంది.