గుడ్డు తట్టుకున్న పెట్ట, బయటికి జారిన గుడ్డు సంచి: ఏం చూడాలి, ఏం చేయాలి

"గూట్లోకి పోతది, వస్తది, గుడ్డు మాత్రం పెడ్తలేదు"

ముందు అది పొదుగు మీదున్న, అంటే గుడ్లు పొదగడానికి కూర్చున్న పెట్ట కాదని తేల్చుకోండి. పొదుగు పెట్ట చెయ్యి దగ్గరికి పోతే ఈకలు పొంగించి పొడవడానికి వస్తుంది, రోజుకోసారి లేచి పెద్ద రెట్ట వేస్తుంది. గుడ్డు తట్టుకున్న, అంటే గుడ్డు లోపలే ఇరుక్కున్న పెట్ట కాళ్లు ఎడం చేసి, తోక వంచి, నిటారుగా నిలబడి ముక్కుతుంది. మేత ముట్టదు, రెట్ట సరిగా రాదు, తురాయి పాలిపోతుంది. ముడ్డి కింద, రెండు ఎముకల మధ్య మెల్లగా తడిమితే గట్టిగా గుండ్రంగా తగులుతుంది. తగలకపోతే గ్లౌజు వేసి, వేలికి కొబ్బరినూనె రాసి, రెండు అంగుళాలకు మించకుండా ముడ్డి లోపల చూడండి. కోడికి పనిచేసే గుడ్డు దారి ఎడమవైపుదే కాబట్టి వేలు అటే ఒరగాలి.

గుడ్డు తగిలిందంటే టబ్బులో ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోయండి. పసిపిల్లకు స్నానం పోసేంత వేడి చాలు. రెండు చెంచాల ఎప్సమ్ సాల్ట్ ఉంటే కలపండి, లేకపోయినా పని ఆగదు. పొట్ట, ముడ్డి మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, మళ్లీ నూనె రాసి, చీకటిగా సందడి లేని చోట వదలండి. చాలామంది బల్బు కింద వెచ్చగా ఉంచమంటారు. డిసెంబర్ చలిలో అది సరే. వరంగల్ మే ఎండలో ముక్కు తెరిచి రొప్పుతున్న పెట్టకు బల్బు పెడితే గుడ్డు కంటే ముందు వడదెబ్బే చంపుతుంది. అప్పుడు గాలి ఆడే నీడే కావాలి.

కాల్షియం కూడా అప్పుడే పడాలి, గుడ్డును తోసే కండరానికి అదే బలం. మనుషులు వేసుకునే 500 మి.గ్రా. కాల్షియం గోలి సగం పొద్దున, సగం సాయంత్రం ముక్కలు చేసి నోట్లో పెట్టండి. సిరప్ పోయకండి. నాలుక వెనుక కనిపించే చిన్న రంధ్రం శ్వాసనాళం, రొప్పే కోడికి మందు నేరుగా అందులోకి పోతుంది.

పొట్ట నొక్కి గుడ్డు పిండొద్దు. లోపల పగిలితే పెంకు ముక్కలు సంచిని కోస్తాయి, సొన కడుపులో కారి చీము పడుతుంది. రెండుసార్లు నానబెట్టినా రాకపోతే ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి, రేపటికి వాయిదా వద్దు. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, పశువుల అంబులెన్సుకు 1962. దారి తెరుచుకోకుండా ఆక్సిటోసిన్ (గుడ్డు సంచిని బిగించి గుడ్డును తోయించే మందు) ఇస్తే సంచే చినుగుతుంది, అందుకే ఆ ఇంజెక్షన్ ఇంట్లో మనం పొడిచేది కాదు.

"వెనుక ఎర్రగా ఏదో వేలాడుతోంది"

గుడ్డు పడే క్షణంలో ఎర్రటి పొర బయటికొచ్చి వెంటనే లోపలికి పోవడం మామూలే. పోకుండా ఉండిపోతేనే ప్రొలాప్స్. మొదటి పని మందు కాదు, పెట్టను విడదీయడం. ఎరుపు చూస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి, గంటలో పేగు దాకా లాగేస్తాయి.

అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు కలిపి, ఆ ధారతో మట్టి, రెట్ట కడగండి. వాచి గట్టిపడి ఉంటే చక్కెరను నాలుగు చుక్కల నీళ్లతో ముద్ద చేసి పది, పదిహేను నిమిషాలు అద్దండి. చక్కెర నీరు లాగేస్తుంది, వాపు కళ్ల ముందే తగ్గుతుంది. పసుపు, బూడిద మాత్రం వద్దు, తడి పొరకు అతుక్కొని పుండు చేస్తాయి. మళ్లీ కడిగి, నూనె రాసి, తల కిందికి, వెనుక భాగం పైకి ఉండేలా ఒకరు పట్టుకుంటే, రెండోవారు వేలితో మధ్య నుంచి లోపలికి నెట్టి రెండు నిమిషాలు అలాగే అదిమి ఉంచాలి. లోపల గుడ్డు కనిపిస్తే నెట్టొద్దు. పొర నల్లబడినా, చిరిగినా, మళ్లీ మళ్లీ జారినా డాక్టరు కుట్టు వేయాలి.

లోపలికి పోయాక మళ్లీ గుడ్డు రాకుండా చూడాలి, లేకపోతే రేపు ముక్కినప్పుడు మళ్లీ జారుతుంది. సాయంత్రం ఐదు నుంచి పొద్దున తొమ్మిది దాకా గంప మీద గోనెసంచి కప్పండి, గాలికి కింద సందు వదలండి. వెలుతురు ఎనిమిది గంటలకు తగ్గితే కొద్దిరోజుల్లో గుడ్లు ఆగుతాయి. ఎరుపు పూర్తిగా పోయాకే, అదీ చీకటి పడ్డాక, మందలో కలపండి.

అసలు ఇది ఎందుకొచ్చింది?

చాలావరకు మేతలోనే. ఒక గుడ్డు పెంకుకు రెండు గ్రాముల కాల్షియం కావాలి. నూకలు, మక్కలు రోజుకు వంద గ్రాములు తిన్నా 50 మిల్లీగ్రాములు రాదు. మిగతాది ఎముకల నుంచి తీస్తుంది, అదీ అయిపోయినప్పుడు పెంకు గట్టిపడని తోలు గుడ్లు మొదలవుతాయి. తోలు గుడ్డు కనిపించిన రోజే జాగ్రత్తపడాలి. గుడ్లు పెట్టే కోళ్లకు 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉన్న లేయర్ మేత వేసి, ఆల్చిప్పల గ్రిట్ (నూక) విడి గిన్నెలో పెట్టండి. పెంకు పట్టేది ఎక్కువగా రాత్రే కనుక గ్రిట్ సాయంత్రం అందేలా చూడాలి. కోడిపిల్లలకు ఈ మేత పెట్టొద్దు, కిడ్నీలు చెడతాయి. తడి సున్నం ఎవరికీ వద్దు, నోరు కాలుతుంది.

రెండో కారణం కొవ్వు. వనరాజాలాంటి బరువు రకానికి మక్కలు గుప్పిళ్లతో వేస్తే పొట్టలో కొవ్వు పేరుకొని గుడ్డు దారిని నొక్కుతుంది. కొత్తగా గుడ్లు మొదలుపెట్టిన చిన్న పెట్ట రెండు సొనల పెద్ద గుడ్డు పెట్టినా ఇంతే. దానికి తొందరగా గుడ్లు రావాలని రాత్రి దీపం వెలిగించకండి.

డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, ఎన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదో అక్కడే అడిగి చీటీ మీద రాయించుకోండి.