కొత్త మెటల్ డిటెక్టర్‌తో మొదటి వారం

డిటెక్టర్ చేతికి రాగానే తవ్వకాలకు బయలుదేరకండి. నేను మొదటి వారం పెరటి గడప దాటలేదు. ఇనుప మేకు, రాగి నాణెం, ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు నేలమీద దూరదూరంగా పెట్టి, కళ్లు మూసుకుని ఒక్కోదాని మోత విన్నాను. మేకుది బొంగురు గొంతు, రాగిది సన్నని స్పష్టమైన కూత. మూత రింగు, బంగారు ఉంగరం మాత్రం దాదాపు ఒకేలా పలుకుతాయి. అందుకే డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాల మోతను వడకట్టే సెట్టింగు) బాగా పెంచి రింగులను వదిలించుకోవాలనుకుంటే బంగారమూ చేజారుతుంది. చెత్త తవ్వడానికి సిద్ధపడండి.

లోహం లేని చోట కాయిల్‌ను, అంటే కర్ర చివర లోహాన్ని పసిగట్టే పళ్లెంలాంటి భాగాన్ని, పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఖనిజాలకే మోగకుండా చేసే సర్దుబాటు) సరిచేయాలి. ఊరికే కిచకిచమంటుంటే సెన్సిటివిటీ (ఎంత చిన్న సంకేతానికి పలకాలో చెప్పే సెట్టింగు) తగ్గించండి. కరెంటు తీగల దగ్గర ఇది తప్పదు.

కాయిల్ నేలకు సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, నెమ్మదిగా సాగాలి. చివర్లలో చెయ్యి పైకి లేస్తుంది, నాకు ఇప్పటికీ లేస్తుంది, గమనించుకోండి. లోతుకు వెళ్లేకొద్దీ కాయిల్ చూపు సన్నబడుతుంది కాబట్టి ప్రతి ఊపూ ముందుదానిమీద సగం పడాలి.

మోత వినిపిస్తే తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. ఒకవైపు నుంచే పలికితే చాలావరకు ఇనుమే. తవ్వేముందు నేల యజమాని అనుమతి తీసుకోండి, తవ్విన గుంట పూడ్చి, గడ్డిచెక్క తిరిగి అమర్చండి.